వార్షిక నివేదిక 2025–26: వరద రాకముందే చేసుకున్న పనులు

సభ్యులందరికీ నమస్కారం.

2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు విజయవాడను ముంచెత్తిన బుడమేరు వాగు నీరు మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌ను ముంచేసింది. ఆ ఏడాది సంఘం నిధి అంతా బురద ఎత్తించడానికి, సంపు కడిగించడానికి, మోటార్లు బాగు చేయించడానికే సరిపోయింది. ఆ డబ్బేదో ఈసారి ముందే ఖర్చు పెట్టుకుందామని సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం.

అన్నిటికన్నా పెద్ద పని మీటర్ బోర్డులు పైకి మార్చడం. అవి సెల్లార్ గోడకు ఉండి మునిగిపోవడం వల్లే, వీధిలో కరెంటు వచ్చాక కూడా మనం చీకట్లో ఉన్నాం. ఆక్సిజన్ మిషన్ మీద ఉన్న పెద్దాయనను నాలుగో అంతస్తు నుంచి మెట్ల మీదుగా పడవ దాకా మోసుకెళ్లడం మనలో ఎవరం మర్చిపోలేం. ఇప్పుడు మీటర్లు, లిఫ్ట్ ప్యానెల్, మోటారు స్టార్టర్ మొదటి అంతస్తుకు చేరాయి. పై అంతస్తుల వాళ్లు ‘మా ఇళ్లు మునగలేదు కదా, మేమెందుకు కట్టాలి’ అని అడిగారు. అడగడంలో తప్పులేదు. కానీ లిఫ్టు, నీళ్లు, కరెంటు అందరివీ. చివరికి ప్రతి ఫ్లాట్ వారూ తమ వాటా ఇచ్చారు. వారికి కృతజ్ఞతలు.

కృష్ణలో వరద ఉంటే మనకెందుకు టెన్షన్ అని కొందరికి సందేహం. బుడమేరు మళ్లింపు కాలువ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోనే కలుస్తుంది. నది నిండుగా ఉంటే కాలువ నీటికి దారి ఉండదు. ఆ రోజుల్లో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. ఇటు బుడమేరు గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అందుకే ఇకపై బ్యారేజీ వరదతో పాటు బుడమేరు మీద గేట్లున్న వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరి నీటిమట్టం కూడా గ్రూపులో పెడుతున్నాం.

మురుగు వెనక్కి తన్నకుండా గ్రౌండ్ ఫ్లోర్ పైపులకు వాల్వులు బిగించాం. నడవలేనివారు, డయాలసిస్ వాళ్లు, పసిపిల్లలున్న ఇళ్ల జాబితా వాచ్‌మన్ దగ్గర ఉంది. అప్పటి నీటిమట్టాన్ని గేటు స్తంభం మీద ఎర్ర గీతగా వేయించాం. సెల్లార్‌లో ఏది పెట్టాలన్నా ముందు ఆ గీత చూడండి.

జనరేటర్ ఇంకా కిందే ఉంది. కొత్త దిమ్మె కట్టడానికి నిధి చాలలేదు. నిజం చెప్పాలంటే ఇదే మా పెద్ద బెంగ. వాహన బీమాలో నీట మునిగిన ఇంజిన్‌కు కవరేజీ ఉందో లేదో ఎవరికి వారు చూసుకోండి.

జూన్‌లో వానలకు ముందే డ్రెయిన్ పలకలు ఎత్తి పూడిక తీయిస్తాం. ఆ రోజు ఇంటికొకరు కిందికి రావాలని మనవి.

కార్యదర్శి