ఈ ఏడాది జమా ఖర్చులు: దుప్పట్ల డబ్బు మిగిలింది, గదుల డబ్బు అయిపోయింది

చందాలిచ్చిన అందరికీ నమస్కారం. లెక్కలు ఆడిట్ అయ్యాయి, కమిటీ సంతకాలూ అయిపోయాయి. ఇల్లు లేక రోడ్ల మీద పడుకునేవాళ్ల కోసం మీరిచ్చిన డబ్బు ఎటు పోయిందో తేలిగ్గా తెలియాలని మొత్తం జమని 100 అనుకుని రాస్తున్నాం. అసలు అంకెలు, వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఆఫీసులోనే ఉంటాయి, ఎవరైనా వచ్చి తిరగేయొచ్చు (ఎవరూ రారనుకోండి, అది వేరే విషయం).

జమలో 58 నెలనెలా వచ్చే చిన్న చందాలు. 24 ఒక్కసారిగా ఇచ్చిన విరాళాలు. 15 "దుప్పట్లకు మాత్రమే" అని షరతు పెట్టి ఇచ్చినవి. మిగతా 3 పోయినేడాది నిల్వ. పాత బట్టలూ అవీ డబ్బు కాదు కాబట్టి వాటికి వేరే రిజిస్టరు ఉంది.

ఖర్చులో అన్నిటికంటే పెద్ద పద్దు, రోడ్డు మీదివాళ్లకి అద్దెకి ఇప్పించే గదులది, 34. అందులో 22 అడ్వాన్సులు, 12 మొదటి నెలల అద్దెలు. అడ్వాన్సు ఖాళీ చేసినప్పుడు వెనక్కి రావలసిన డబ్బు, అందుకే ఇక్కడ చెల్లింపుగా రాసినా బ్యాలెన్స్ షీటులో "రావలసినవి" కింద కూడా కనిపిస్తుంది, ఒకే డబ్బు రెండు చోట్ల ఉందేంటని కంగారు పడకండి. ఒక ఇంటి యజమాని మాత్రం రంగులు వేయించాలంటూ కొంత కోసుకున్నాడు, ఎంత గొడవపడ్డా ఇవ్వలేదు, దాన్ని నష్టంలోనే రాశాం. "తాగుడు మానాక గది ఇప్పించొచ్చుగా" అని కొందరు అడుగుతున్నారు. ముందు గది, మిగతావి తర్వాత అనే పద్ధతి 1992లో న్యూయార్క్‌లో మొదలైంది, ఫిన్లాండ్ 2008 నుంచి దేశమంతటా అదే పట్టుకుని రోడ్డు మీది జనాన్ని బాగా తగ్గించింది. తలుపుకి గడియ పెట్టుకుని నిద్రపోయే చోటే లేనివాణ్ణి ముందు తాగుడు మానెయ్యమంటే ఎలా మానతాడు?

జీతాలు 27. దీని మీదే ఎక్కువ ప్రశ్నలొస్తాయి, సేవకి జీతమేంటని. రోడ్ల మీద పడుకునేవాళ్లని కలుస్తూ రాత్రంతా తిరిగే పని ఇది, సెలవు దొరికినప్పుడు వచ్చేవాళ్లతో సాగదు. రోజూ అదే మొహం కనబడితే తప్ప అవతలి మనిషి తన పేరు కూడా చెప్పడు.

కాగితాలకీ రాకపోకలకీ 12. గుర్తింపు కార్డు కావాలంటే చిరునామా అడుగుతారు, చిరునామా కోసం గది అడిగితే గుర్తింపు కార్డేదంటారు, ఈ గుండ్రంలోంచి ఒక మనిషిని బయటికి లాగడానికి జిరాక్సులు, ఫోటోలు, ఫీజులు, ఛార్జీలు. బిల్లు రాని చిల్లర ఖర్చులన్నీ ఇద్దరి సంతకాలతో పుస్తకంలో ఉన్నాయి, మనుషుల పేర్లకి బదులు నంబర్లు వేశాం.

పాదాలకి 9. నవ్వొద్దు. తడి మేజోళ్లు రోజుల తరబడి అలాగే ఉంటే చర్మం తెల్లగా ఉబ్బి, తిమ్మిరెక్కి, తర్వాత పుళ్లు పడుతుంది, దానికి గడ్డకట్టే చలి కూడా అక్కర్లేదు. పొడి మేజోళ్లు, మందులు, కట్లు అన్నీ ఈ పద్దులోవే.

దుప్పట్లకి 8. కింది నేలే ఒంట్లో వేడిని లాగేస్తుంటే పైన ఎన్ని కప్పినా చలి ఆగదు, అందుకని దాతల్ని అడిగి, వాళ్లు సరేనన్నాకే ఇందులో కొంత పెట్టి మందపాటి పరుపు చాపలు కొన్నాం. ఆడిట్, బ్యాంకు ఛార్జీలు కలిపి 3.

మొత్తం ఖర్చు 93, నిల్వ 7. ఇంకా మిగిలిందిగా అనుకోకండి, ఆ 7 పూర్తిగా దుప్పట్ల డబ్బే. మామూలు ఖాతాలో సున్నా, వచ్చే నెల జీతాలు వచ్చే నెల చందాలతోనే ఇవ్వాలి. గదుల కోసం మాత్రం మనుషులు ఎదురుచూస్తూనే ఉన్నారు. కాబట్టి ఇకనుంచి డబ్బు పంపేటప్పుడు "అవసరమున్న చోట వాడండి" అని ఒక్క ముక్క రాయండి. పాత షరతు ఎత్తేయాలనుకునే దాతలు సంతకంతో చిన్న ఉత్తరం ఇస్తే చాలు, అది చేతికి రాకుండా మేం ఆ డబ్బు ముట్టుకోలేం.