షాఫ్ట్ మీద కవరు లేకుండా మిషన్ అమ్మినందుకు ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మక్కలు (మొక్కజొన్న) పట్టే మిషన్‌కు పీటీఓ షాఫ్ట్ (ట్రాక్టర్ నుంచి మిషన్‌కు శక్తి అందించే తిరిగే కడ్డీ) కవరు ఇవ్వకపోవడం, దానివల్ల జరిగిన ప్రమాదం.

అయ్యా,

పోయిన వానాకాలం పంట చేతికొచ్చే ముందు మీ డీలర్ దగ్గర ట్రాక్టర్‌తో నడిచే మక్కల మిషన్ కొన్నాను. మాది జగిత్యాల జిల్లా. మా చేను అయ్యాక చుట్టుపక్కల ఊళ్లకు కిరాయికి తిప్పుతున్నాను. పనితనంలో వంక పెట్టేదేమీ లేదు. గింజ పగలదు, బెండ్లు వేరుగా పడతాయి. నా ఫిర్యాదంతా ట్రాక్టర్‌కూ మిషన్‌కూ మధ్య తిరిగే షాఫ్ట్ గురించే.

మీ కరపత్రంలోని ఫొటోలో ఆ షాఫ్ట్ మీద పసుపు రంగు ప్లాస్టిక్ కవరు ఉంది. ఇంటికి తెచ్చిన మిషన్‌కు లేదు. అడిగితే డీలర్, "ఎవ్వరూ ఉంచుకోరన్నా, నాలుగొద్దులకే పలిగిపోతది" అన్నాడు. సీజన్ తొందరలో నేనూ ఊరుకున్నాను. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. ప్రమాదం జరిగిన రోజు కంకులు పోస్తున్న ఆడవాళ్లలో మా పక్కింటి వదిన ఉంది. మా దగ్గర కూలికి వచ్చేవాళ్లు చీర మీద చొక్కా తొడుక్కుంటారు, కొంగు నడుముకు దోపుకుంటారు. షాఫ్ట్ కింద నాలుగు కంకులు పడితే ఏరుదామని ఆమె వంగింది. దోపిన కొంగు జారింది. షాఫ్ట్ చివర కీలు, అంటే క్రాస్ దగ్గర పొడుచుకొచ్చిన బోల్టు దాన్ని పట్టుకుంది. అరుపు విని నేను క్లచ్ తొక్కాను. తొక్కినా మిషన్ లోపల తిరిగే డ్రమ్ము ఊపుకు షాఫ్ట్ వెంటనే ఆగలేదు. ఆమె చెయ్యి లోపలికి వెళ్లింది.

కట్టుకున్నది పాత నూలు చీర కాబట్టి చిరిగిపోయి వదిలింది. పాలిస్టర్ చీర అయితే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. ముంజేయి రెండుచోట్ల విరిగింది, భుజం దగ్గర చర్మం లేచిపోయింది. ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆమె ఇంకా బిందె ఎత్తలేకపోతోంది.

ఆ కవరు పెద్ద వస్తువేమీ కాదు. ఒకదాంట్లో ఒకటి జరిగే రెండు ప్లాస్టిక్ గొట్టాలు, రెండు చివర్లా క్రాస్‌లను కప్పే గిన్నెలు, గొట్టం తిరగకుండా కట్టే చిన్న గొలుసు. లోపల షాఫ్ట్ తిరుగుతున్నా పైన కవరు కదలదు, బట్ట చుట్టుకోదు. దాన్ని విడిగా కొందామని మళ్లీ డీలర్ దగ్గరికి వెళ్తే, షాఫ్ట్ మొత్తం కొంటే తప్ప రాదన్నాడు, అదీ రెండు నెలలు పడుతుందట.

ఇంకో మాట. మిషన్ మీద హెచ్చరిక స్టిక్కర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, పుస్తకం ఇంగ్లీషు, హిందీల్లో ఉంది. కంకులు పోసే ఆడవాళ్లలో అవి చదవగలిగినవాళ్లు మా ఊళ్లో ఒక్కరూ లేరు. మిషన్‌కు అందరికంటే దగ్గరగా నిలబడేది వాళ్లే.

నూర్పిడి యంత్రాల వంటివాటి ప్రమాదాలను దృష్టిలో పెట్టుకునే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. సరైన సూచనలు, హెచ్చరికలు లేని వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారుడిదే బాధ్యత అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. రైతులే కవరు తీసేస్తారని మీరు అనవచ్చు. తీసేసేవాళ్లు ఉన్నారు, నిజమే. గ్రీజు కొట్టాలంటే కవరు అడ్డం వస్తుందనే తీస్తారు. విప్పకుండానే గ్రీజు పట్టేలా చేయడం మీ ఇంజనీర్ల పని. అసలు ఇవ్వకపోవడానికి అది కారణం కాదు.

నా మిషన్‌కు వెంటనే ఉచితంగా కవరు పంపండి. ఈ మోడల్ కొన్న అందరికీ ఫోన్ చేసి ఇవ్వండి. బొమ్మలతో తెలుగు స్టిక్కర్లు, తెలుగు పుస్తకం ఇవ్వండి. డెలివరీ రోజు మీ మనిషి వచ్చి, ఇంజన్ ఆపి షాఫ్ట్ పూర్తిగా నిలిచేదాకా ఎవరూ దగ్గరికి పోవద్దని కూలీలకే చూపించి చెప్పాలి. వదిన వైద్యం ఖర్చు, పోయిన కూలి మీరు భరించాలి.

బిల్లు, ఆసుపత్రి కాగితాలు, షాఫ్ట్ ఫొటోలు జతచేశాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కిరాయికి రమ్మని రోజూ ఫోన్లు వస్తున్నాయి. కవరు బిగించేదాకా మిషన్ షెడ్డులోంచి బయటికి తీయను.

ఇట్లు,
మీ మిషన్ కొన్న రైతు