వేగం అంకె పక్కన పందెం నియమం కూడా అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్ తొలి విమాన పందేల విజేతలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన పట్టికలో పేరు, సంవత్సరం, గంటకు ఎన్ని మైళ్లు అన్నవి మాత్రమే ఉన్నాయి. అది చూస్తే 1912లో గంటకు 58 మైళ్ల వేగంతో గెలిచిన టామ్ సాప్‌విత్ కన్నా 1930లో దాదాపు 103 మైళ్లతో గెలిచిన వినిఫ్రెడ్ బ్రౌన్ ఎంతో ముందున్నట్టు కనిపిస్తుంది. ఆ రెండు పందేలను అలా పోల్చడం కుదరదు.

సాప్‌విత్ గెలిచింది ఏరియల్ డెర్బీ అనే విమాన పందెం. లండన్ శివార్లలోని హెండన్‌లో లేచి లండన్ చుట్టూ 81 మైళ్లు తిరిగి మళ్లీ హెండన్‌లోనే దిగాలి. తక్కువ సమయంలో వచ్చినవారిదే గెలుపు. దారిలో ఉన్న గుర్తులను నియమం ప్రకారం చుట్టాలి, లోపలి నుంచి కోసుకుపోతే అనర్హత. మరీ దూరంగా తిరిగితే సమయం పోతుంది. పర్లీ దగ్గర సాప్‌విత్ గుర్తును సరిగా చుట్టలేదని తీర్పు చెప్పి ముందు పోటీదారు గుస్తావ్ హామెల్‌ను విజేతగా ప్రకటించారు. అప్పీలులో సాప్‌విత్ గెలిచాడు. మీ పట్టికలో ఈ సంగతి లేదు.

వినిఫ్రెడ్ బ్రౌన్ గెలిచిన కింగ్స్ కప్ 1922లో మొదలైన హ్యాండిక్యాప్ పందెం. ఒక్కో విమానం ఎంత వేగం పోగలదో అధికారులు ముందే లెక్కకట్టి, నెమ్మదివాటిని ముందు, వేగమైనవాటిని చివర వదులుతారు. దారి 750 మైళ్లు అనుకోండి. గంటకు 100 మైళ్ల విమానానికి ఏడున్నర గంటలు పడుతుంది, 150 మైళ్లదానికి ఐదు గంటలు. కాబట్టి రెండోది రెండున్నర గంటలు ఆలస్యంగా లేస్తుంది. అంచనా తప్పకపోతే అన్నీ ఒకేసారి దిగాలి. తన విమానానికి కట్టిన లెక్కను ఎవరు ఎక్కువగా దాటితే వారిదే కప్పు. అందుకే అవ్రో ఏవియన్ లాంటి చిన్న విమానంతో ఆమె తనకన్నా ఎంతో శక్తిమంతమైన యంత్రాలను వెనక్కి నెట్టింది. ఆ కప్పు గెలిచిన తొలి మహిళ ఆమే. దారి తప్పకుండా, మలుపులు వృథా చేయకుండా నడపడమే అక్కడ అసలు విద్య.

1911 సర్క్యూట్ ఆఫ్ బ్రిటన్ సంగతి మరీ వేరు. బ్రూక్‌లాండ్స్ నుంచి ఎడిన్‌బరో, గ్లాస్గో, బ్రిస్టల్, బ్రైటన్‌ల మీదుగా 1,010 మైళ్లు, మధ్యలో తప్పనిసరి మజిలీలు. జూలై 22న మొదలైంది. ఆంద్రే బోమాంట్ పేరుతో పోటీచేసిన ఫ్రెంచి నౌకాదళ లెఫ్టినెంట్ జాఁ కొనోకు 22 గంటల 28 నిమిషాలు, రెండో స్థానంలో వచ్చిన వెద్రీన్‌కు 23 గంటల 38 నిమిషాలు పట్టాయి. యంత్రాన్ని మధ్యలో మార్చేయకుండా భాగాలకు ముద్రలు వేశారు. అంటే ఇంజిన్ చివరిదాకా నిలవాలి. ఇద్దరివీ నోమ్ కంపెనీ రోటరీ ఇంజిన్లే. ఇందులో క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ నడిమి ఇరుసు) కదలదు, సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో కలిసి తిరుగుతాయి. పెట్రోలు ఆవిరి ఆ ఇరుసు చుట్టూ ఉండే పెట్టె (క్రాంక్‌కేసు) గుండానే పోతుంది కాబట్టి, మామూలు ఖనిజ నూనె అందులో కరిగి కొట్టుకుపోతుంది. అందుకే పెట్రోలులో అంతగా కలవని ఆముదం వాడేవారు, మన పాలమూరు, నల్లగొండ రైతులు ఎరిగిన ఆముదమే. వాడిన నూనె మళ్లీ ట్యాంకుకు రాదు, బయటికే చిమ్ముతుంది. పైలట్ కళ్లద్దాలు జిడ్డు పట్టేవి. లోపలికి గాలి తీసుకునే వాల్వు పిస్టన్ తలమీదే ఉండేది. అది ఇరుక్కుంటే మంట క్రాంక్‌కేసులోకి వెనక్కి తన్నేది. ఇలాంటి ఇంజిన్‌ను వెయ్యి మైళ్లు నిలబెట్టడం గంటకు 45 మైళ్ల సగటు కన్నా పెద్ద విషయమని నా అభిప్రాయం.

నీటిమీద దిగే విమానాల పందెమైన 1929 ష్నైడర్ ట్రోఫీలోనూ ఇదే కథ. 50 కిలోమీటర్ల చొప్పున ఏడు చుట్లు. కళ్లద్దాలు పోగొట్టుకున్న అట్చర్లీ ఒక గుర్తు లోపలి నుంచి వెళ్లి అనర్హుడయ్యాడు. వాగ్‌హార్న్ ఏడూ పూర్తిచేసి, ఇంకొకటి మిగిలిందనుకుని ఎనిమిదోది మొదలుపెట్టాడు. ఇంధనం అయిపోయి నీటిమీద దిగాక గానీ గెలిచానని తెలియలేదు. గంటకు 328 మైళ్లు అన్న అంకె ఒక్కటే ఇస్తే ఇదంతా పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

దయచేసి పట్టికను మళ్లీ అచ్చువేసేటప్పుడు దారి పొడవు, మజిలీలు, ఇంజిన్, హ్యాండిక్యాప్ ఉందా లేదా అన్నవి చేర్చండి. 1911 వరుసలో శామ్యూల్ కోడీ పేరు కూడా పెట్టండి. ఆ పందెం పూర్తిచేసినవారు నలుగురే. నాలుగోవాడు కోడీ. ఆ నాలుగింటిలో బ్రిటన్‌లో తయారైన విమానం ఆయన స్వయంగా కట్టుకున్నదొక్కటే.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం