విశాఖ టూర్: వచ్చేవాళ్లు పేర్లు ఇవ్వండి

అందరికీ నమస్కారం. గోల్కొండ ఫిరంగులు చూసొచ్చినప్పటి నుంచి "తర్వాత ఎక్కడికి?" అని అడుగుతూనే ఉన్నారు. ఈసారి విశాఖ అనుకుంటున్నాం. శుక్రవారం సాయంత్రం సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం. ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం. సోమవారం సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు, ఆ రోజు పెట్టమని అడగొద్దు.

ఆ మ్యూజియం అంటే ఆర్కే బీచ్‌లోని ఐఎన్ఎస్ కురుసురా అనే సబ్‌మెరైనే. అది 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది, 1971 యుద్ధంలోనూ పాల్గొంది. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి తల వంచి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ముందే చెప్పండి, మొహమాటం వద్దు.

రోడ్డుకు అటువైపే టీయూ-142 విమానం. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి రెండేసి ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు. సబ్‌మెరైన్లను వెతికి వేటాడటమే దీని పని. అలాంటిది ఒక సబ్‌మెరైన్‌కు ఎదురుగానే నిలబడింది! నన్నడిగితే దీనికే ఎక్కువ టైమ్ పెట్టాలి.

మంగళవారం రాత్రిలోగా పేరు, వయసు పంపండి. లోయర్ బెర్త్ కావాలంటే అదీ రాయండి. ఉత్త థంబ్ పెట్టి ఊరుకుంటే టికెట్ బుక్ చెయ్యను.