విద్యార్థి సొంత వ్యాపారాన్ని ఇంటర్న్‌షిప్‌గా ఒప్పుకోవాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో పాతికేళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు కామర్స్ చెప్పి రిటైరయ్యాను. ఈ కాలం పిల్లలకు చొరవ లేదని, ఉద్యోగం తప్ప మరో ఆలోచన లేదని పెద్దలు సభల్లో అంటుంటే చాలా బాధగా ఉంటుంది. నేను చూసింది వేరు.

రాష్ట్రంలో 2020లో డిగ్రీ పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అందులో మొదటి 2 నెలలు ఊళ్లలో చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్. మా బీకాం అమ్మాయిలు ఇద్దరు ఆ పనిమీద దుగ్గిరాల చుట్టుపక్కల పసుపు రైతుల దగ్గరికి వెళ్లారు. రైతు కొమ్ములు ఉడికించి, ఆరబెట్టి, యార్డుకు తెచ్చి అమ్మే ధరకూ, మనం కొట్లో కొనే పసుపు ప్యాకెట్ ధరకూ ఉన్న తేడా చూసి ఆశ్చర్యపోయారు. రిపోర్టు రాసిచ్చి ఊరుకోలేదు. తలా కొంత వేసుకుని కొమ్ములు కొన్నారు, మరాడించారు, 100 గ్రాముల ప్యాకెట్లు కట్టి హాస్టళ్లలోనూ తెలిసినవాళ్ల ఇళ్లలోనూ అమ్మారు. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ ఏడాదికి 100 రూపాయలేనని వాళ్లే తెలుసుకుని నాకు చెప్పారు. పాతికేళ్లు కామర్స్ చెప్పిన నాకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు.

చివరి సెమిస్టర్‌లో 6 నెలల ఇంటర్న్‌షిప్ వచ్చేసరికి అంతా ఆగిపోయింది. సొంత వ్యాపారం ఇంటర్న్‌షిప్ కిందికి రాదన్నారు, ఏదో ఒక కంపెనీ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అదే తరగతిలో కొందరు డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ తెచ్చుకున్నారు, వాళ్లకు మార్కులు పడ్డాయి. నిజంగా కొని, అమ్మి, లెక్క రాసిన వీళ్లకు మాత్రం హాజరు టెన్షన్, ఇంట్లో గొడవ. ఒకమ్మాయి ఇప్పుడు ఫైనాన్స్ కంపెనీలో చిన్న ఉద్యోగం చేస్తోంది. ఆమె తండ్రిని నేను తప్పుపట్టను. అప్పుచేసి చదివించిన మనిషి నెల జీతం కోరుకోవడం సహజం. కానీ కాలేజీ ఆమె వైపు నిలబడి ఉంటే ఆయనకూ కాస్త ధైర్యం వచ్చేది.

దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. విద్యార్థుల స్టార్టప్‌ల కోసం కేంద్ర విద్యాశాఖ 2019లోనే జాతీయ విధానం తెచ్చింది. ప్రాజెక్ట్, వేసవి శిక్షణ బదులు సొంత స్టార్టప్‌ను ఎంచుకోనివ్వవచ్చని, అలాంటివాళ్లకు హాజరులో సడలింపు, అవసరమైతే సెమిస్టర్ విరామం ఇవ్వవచ్చని అందులో ఉంది. మన డిగ్రీ కాలేజీల్లో ఎంతమంది ప్రిన్సిపాళ్లు అది చదివారు? మంగళగిరిలో స్టార్టప్‌లకు చేయూతనిచ్చే రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ వచ్చింది, సంతోషమే. ఆ గడప దాకా వెళ్లాలంటే పిల్లలకు ముందు తమ కాలేజీలో అనుమతి దొరకాలి కదా.

విద్యార్థుల నాయకత్వం సంగతీ ఇంతే. వెంకయ్యనాయుడు గారు 1973-74లో ఆంధ్రా విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికైనవారు. ఆ ఎన్నికలను ఉమ్మడి రాష్ట్రంలో 1988లో ఆపేశారు. గొడవలు జరిగిన మాట నిజమే. అయితే విద్యార్థి సంఘాల ఎన్నికలపై వేసిన లింగ్డో కమిటీ నియమాలను సుప్రీంకోర్టు 2006లో ఆమోదించింది, అభ్యర్థి ఖర్చుకు 5,000 రూపాయల పరిమితి పెట్టింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ ఎన్నికలు జరుగుతున్నాయి. మన దగ్గర క్లాస్ లీడర్‌ను కూడా లెక్చరరే పేరు చదివి నియమిస్తాడు. నేనూ అలాగే చేశాను, అది తప్పని ఇప్పుడు అనిపిస్తోంది.

ఉన్నత విద్యామండలికి నా విన్నపం ఒక్కటే. వచ్చే ఆఖరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌లు మొదలయ్యేలోపు, రిజిస్ట్రేషన్, కొనుగోలు అమ్మకాల లెక్కలు చూపించే విద్యార్థి వ్యాపారాన్ని ఇంటర్న్‌షిప్‌గా లెక్కించమని అన్ని కాలేజీలకూ స్పష్టమైన ఉత్తర్వు పంపండి. ఆ లెక్కలు సరిచూడడానికి ప్రతి కాలేజీలోనూ కామర్స్ అధ్యాపకులు ఉన్నారు.

ఇట్లు,
విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు,
తెనాలి