స్కూటర్ బాబాయ్ గారికి, ఓ తల్లి నమస్కారం

మా వాడికి పదహారేళ్లు. ఫ్రెండ్స్‌తో కలిసి మీ స్కూటర్ తీసుకెళ్లి డివైడర్‌కి గుద్దేశాడు. కేసు పిల్లల కేసులు చూసే జువెనైల్ బోర్డుకి వెళ్లింది. అక్కడ మేజిస్ట్రేట్, ఇద్దరు సోషల్ వర్కర్లు. నాకు ఒకటే టెన్షన్. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో కౌన్సెలింగ్, సమాజ సేవ లాంటి దారులు కూడా ఉన్నాయని అక్కడే తెలిసింది. అప్పటిదాకా జైలే అనుకున్నా!

మీరేమో వాణ్ణి దగ్గరికి పిలిచి, "ఆ బండి మీదే ఇడ్లీ పిండి తెచ్చుకునేవాణ్ణి నాయనా, ఇప్పుడు మోసుకొస్తున్నా" అంటూ అరచెయ్యి చాపారు. బకెట్ పిడి ఒరుసుకుని కాయలు కాసిన చెయ్యి. వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. నా తిట్లకి ఏనాడూ ఏడవలేదు.

తర్వాత ఆదివారాలు మెకానిక్ షెడ్డులో పక్కన కూర్చుని, వాడి చేతే బండి బాగు చేయించారు. మొదటిరోజు "ముందు తిను" అని రెండు ఇడ్లీలు పెట్టారట.

పేరు రాస్తే కోప్పడతారు. అందుకే రాయట్లేదు బాబాయ్ గారూ.