పడతారని కూర్చోబెట్టారు సరే, బ్యాలెన్స్ ఎప్పుడు నేర్పిస్తారు? ఆరోగ్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

వినతిపత్రం ఇచ్చాం, పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి మొర పెట్టుకున్నాం. ప్రతిసారీ "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో మాకైతే అంతుపట్టలేదు, మీకేమైనా తెలుసేమోనని నలుగురిలో అడుగుతున్నాను. పెద్దవాళ్లు పడిపోకుండా ఇంటి దగ్గరే వీడియో క్లాసులతో బ్యాలెన్స్ శిక్షణ అన్నారు కదా, దాని గురించే. పథకం మీకు నేను వివరించక్కర్లేదు, రిబ్బన్ కత్తిరించింది మీరే.

ఈ క్లాసుల్లో పెద్దవాళ్లని నిలబెట్టేది ఎప్పుడండీ?

మొదట్లో బాగానే ఉండేది. ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి లైవ్‌లో వచ్చేది, పేరు పెట్టి పలకరించేది, "అమ్మా, కుర్చీ గోడకి ఆనించారా, కింద చక్రాలున్న కుర్చీ వద్దు" అని గుర్తుచేసి మరీ మొదలుపెట్టేది. కొన్నాళ్లకి ఆ అమ్మాయి రావడం మానేసింది, రికార్డు చేసిన వీడియో వచ్చింది. అప్పటి నుంచి మొత్తం కుర్చీలో కూర్చునే. చేతులు పైకెత్తండి, దించండి, చీలమండలు తిప్పండి, గట్టిగా ఊపిరి పీల్చండి, అయిపోయింది, ధన్యవాదాలు. మా అమ్మ ఇప్పుడు చీలమండలు బ్రహ్మాండంగా తిప్పుతుంది. మంచం మీంచి లేచి బాత్రూమ్‌కి వెళ్లాలంటే మాత్రం ఇప్పటికీ గోడ పట్టుకునే. ఇదేంటని హెల్ప్‌లైన్‌లో అడిగితే "నిలబెడితే పడిపోతారు కదండీ, బాధ్యత ఎవరిది?" అన్నారు. ఈత నేర్పిస్తామని పిలిచి గట్టు మీద కూర్చోబెట్టి పంపినట్టుంది వ్యవహారం.

కూర్చుని చేసే కసరత్తు చెడ్డదని నేననను, అసలు నిలబడలేని వాళ్లకి అదే దిక్కు. కానీ నిలదొక్కుకోవడం ఒంటికి అలవాటు కావాలంటే కొంచెం తూలే పరిస్థితి ఉండాలి కదా. రెండు పాదాలు దగ్గరగా పెట్టి నిలబడటం, తర్వాత ఒక పాదం ముందు ఇంకో పాదం మడమకి వేళ్లు తగిలేలా పెట్టడం, తర్వాత ఒంటికాలు. ముందు రెండు చేతులతో పట్టుకుని, తర్వాత ఒక చెయ్యి, తర్వాత వేళ్ల కొసలు, ఆఖరికి వదిలేసి. ఇలా మెట్టు మెట్టుగా కష్టం పెంచుకుంటూ పోవాలి. ఎవరిది ఏ మెట్టో చూసి చెప్పడానికి మనిషి కావాలి. రికార్డు చేసిన వీడియోకి మా అమ్మ కాళ్లు కనపడవు.

మీ అధికారులు చదవలేదేమో గానీ వైద్య పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి తూచి చూసే కాక్రేన్ అనే సంస్థ 2019లో ఇచ్చిన సమీక్ష వందకు పైగా ట్రయల్స్ చూసి, వ్యాయామం వల్ల పెద్దవాళ్లు పడిపోవడం సుమారు 23 శాతం తగ్గుతుందని చెప్పింది. అందులో గట్టి ఆధారం దొరికింది బ్యాలెన్స్‌కీ, లేచి నిలబడి తిరిగే కదలికలకీ సంబంధించిన వ్యాయామాలకే. దూరం నుంచి కుదరదని కూడా అనకండి. ఆస్ట్రేలియాలో 70 దాటిన 503 మందితో, ఇంట్లోనే ట్యాబ్లెట్ చూసుకుంటూ బ్యాలెన్స్ సాధన మీద ట్రయల్ చేశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. మొదటి ఏడాది చెప్పుకోదగ్గ తేడా లేదు, రెండేళ్లు పూర్తయ్యేసరికి పడిపోవడం 16 శాతం తక్కువ. అంటే ఓపిక పట్టాలి. ఇక్కడేమో కొద్ది నెలలకే "సమీక్షిస్తున్నాం, స్పందన తక్కువగా ఉంది" అంటున్నారు. లైవ్ క్లాసులు తీసేసింది మీరే, స్పందన తక్కువని అంటున్నదీ మీరే!

న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ల పద్ధతి ఇంకా పాతది, వీడియో కాల్స్ లేని రోజులది. కొన్నిసార్లు ఇంటికొచ్చి నేర్పించి, రాని నెలల్లో ఫోన్ చేసి ఎలా చేస్తున్నారో కనుక్కునేవాళ్లు. ఒక్క ఫోన్ కాల్ అండీ. అది కూడా మన వల్ల కాదా?

బాధ్యత అంటున్నారు కాబట్టి అదీ మాట్లాడుకుందాం. మొదటి కొన్ని క్లాసులకి ఇంట్లో ఎవరో ఒకరు పక్కన ఉండాలని చెప్పండి, ఉంటాం. కదలని కుర్చీ ముందుండాలి, గోడ వెనకుండాలి, ఫోన్ పాదాలు కనిపించేలా పెట్టాలి, ఏమైనా అయితే ఎవరికి చేయాలో నంబర్ ముందే రాసుకోవాలి. లేచేటప్పుడు కళ్లు తిరుగుతున్నాయా, బీపీ మాత్రలు ఏవి వేసుకుంటున్నారు అని చేరేటప్పుడే అడగాలి. మమ్మల్ని అడిగింది ఆధార పత్రాలూ, ఓటీపీ. ఆ ఓటీపీ కూడా పెద్దావిడ కళ్లజోడు వెతుక్కునే లోపే గడువు దాటిపోతుంది, మళ్లీ మొదటికి! డెబ్బై దాటిన వాళ్ల కోసం చేసిన యాప్‌లో అక్షరాలు చీమల్లా ఎందుకున్నాయో అది వేరే లేఖ రాయాల్సిన విషయం.

ఇంకోటి. లాగిన్ అయితే హాజరు పడుతుంది. మనవడు లాగిన్ చేసి ఫోన్ పక్కన పడేసి ఆడుకోవడానికి పోయినా హాజరే. మీ ముందుకొచ్చే కాగితంలో అంకెలు పచ్చగా ఉంటాయి మరి.

పడిపోవడం అంటే ఎముక విరగడం ఒక్కటే అనుకుంటున్నారేమో. ఒకసారి పడ్డాక భయం పట్టుకుంటుంది, భయంతో తిరగడం తగ్గిస్తారు, తిరక్కపోతే కాళ్లలో సత్తువ పోతుంది, దాంతో మళ్లీ పడతారు. మా ఇంట్లో ఇది కళ్లముందే జరుగుతోంది. రాత్రి అలికిడైతే చాలు నాకు టెన్షన్. ఈ భయం పోగొడతారనే కదా మీ పథకంలో చేర్పించాం, మీరు కూడా భయపడి కూర్చోబెడితే ఎలా?

దయచేసి లైవ్ క్లాసులు మళ్లీ పెట్టండి. ఆ ఫిజియోలని వెనక్కి పిలవండి, అందరినీ చూడలేకపోతే చిన్న చిన్న గుంపులుగా చేయండి. వారానికోసారైనా చూసి చెప్పే మనిషిని ఇవ్వండి. నిలబెట్టండి సార్, జాగ్రత్తగానే, కానీ నిలబెట్టండి. అది కుదరదంటే పథకం పేరులోంచి బ్యాలెన్స్ అనే మాట తీసేయండి, మేం ఇంకో దారి చూసుకుంటాం.

దీనికి జవాబు ఇవ్వాలనిపిస్తే మనిషి చేత రాయించండి. పరిష్కరించబడినది అనే మెసేజ్ మా దగ్గర చాలినన్ని ఉన్నాయి.

ఇట్లు
మీ రికార్డుల్లో క్రమం తప్పకుండా హాజరవుతున్న ఒక లబ్ధిదారు తరఫున, ఆవిడ కూతురు